లాకు ఫోన్‌కే, కార్డుకు లేదు

కంపెనీ ఫోన్లలో మెమరీ కార్డును ఎన్‌క్రిప్ట్ చెయ్యాల్సిన పనిలేదన్న మాట ఎంతగా నాటుకుపోయిందంటే, దాన్నిప్పుడు ఎవరూ వాదించను కూడా వాదించరు, తేలిపోయిన సంగతిలా చెప్పేస్తారు. ఫోన్‌కు లాకుంది. పల్లెటూరి వాళ్ల వివరాలు ఎవరికి కావాలి? ఎన్‌క్రిప్ట్ చేస్తే, ఫోన్ పాడైన రోజు కార్డులో ఉన్నదంతా పోతుంది. అసలే చౌక ఫోన్, ఇంకా నెమ్మదిస్తుంది. బ్రాంచి మేనేజరు దగ్గర్నుంచి హైదరాబాద్‌లో ఐటీ విభాగం చూసుకునే పెద్దమనిషి దాకా ఎవర్ని కదిపినా ఈ నాలుగు మాటలే వస్తాయి. ఇందులో మూడు నిలబడవు. నిలబడే ఆ ఒక్కటి కూడా వాళ్లనుకునే చోటికి తీసుకెళ్లదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఈ మాటలు తప్పని తేలిన రోజు నష్టపోయేది చెప్పినవాళ్లు కాదు.

నాగిరెడ్డిపేట మండలాన్నే తీసుకుందాం. కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి డివిజన్‌లో, మంజీర పరీవాహకంలో ఉన్న మండలం. నిజాం కాలంలో కట్టిన పోచారం ప్రాజెక్టు కింద వరి. ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, దుబాయ్‌కో మస్కట్‌కో పోయిన మగవాళ్లు. ఇలాంటి చోట కంపెనీ ఫోన్ అంటే గ్రూపు లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్ చేతిలో ఉండేది. బీమా పాలసీలు చేయించే ఏజెంటుది, ట్రాక్టరు కిస్తీల కోసం తిరిగే మనిషిది, విత్తనాల కంపెనీ ప్రతినిధిది, చెరకు తోటలు సర్వే చేసే ఫీల్డ్‌మన్‌ది. కొందరికి కంపెనీయే కొనిస్తుంది, కొందరు సొంత ఫోన్లోనే కంపెనీ యాప్ వేసుకుంటారు. ఎక్కువగా తక్కువ ధర ఫోన్లే. లోపలున్న మెమరీ నాలుగు నెలల్లో నిండిపోతుంది, మెమరీ కార్డు వేసుకోక తప్పదు.

గ్రూపు లోన్ల సంగతే ముందు చెబుతాను, ఊళ్లో ఆడవాళ్ల కాగితాలు పెద్ద ఎత్తున పోగయ్యేది అక్కడే కాబట్టి. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక మైక్రోఫైనాన్స్ వ్యాపారం మన దగ్గర దాదాపు ఆగిపోయింది. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు దేశమంతటికీ కొత్త నిబంధనలు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ పాత రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. దారి మళ్లీ తెరుచుకుంది. 2010కి ముందు ఊళ్లోకొచ్చిన ఫీల్డ్ ఆఫీసర్ భుజాన జిరాక్సు కాగితాల సంచి ఉండేది. ఆ సంచిలో ఆ వారం కాగితాలే పట్టేవి. ఇప్పుడొచ్చే అతని జేబులో కొన్నేళ్ల కాగితాలు ఉంటాయి.

ఒక్క మహిళ లోనుకు ఏమేం ఫోటో తీస్తారో చూడండి. ఆధార్ ముందువైపు, వెనకవైపు. భర్తదో కొడుకుదో ఆధార్. రేషన్ కార్డు. బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. దరఖాస్తు మీద సంతకం, సంతకం రానివాళ్లదైతే వేలిముద్ర. ఇంటి ముందు నిలబెట్టి ఒక ఫోటో, ఇల్లంతా కనబడేట్టు ఇంకో ఫోటో. అన్నీ కంపెనీ యాప్‌లోంచే తియ్యాలని నియమం ఉండొచ్చు. కానీ ఊళ్లో సిగ్నల్ ఒక గీతకు పడిపోయి యాప్ గిరగిరా తిరుగుతుంటుంది. అవతల గ్రూపులో ఆడవాళ్లు నాట్లకు పోయే టైమవుతోందని లేస్తుంటారు. "అక్కా, ఒక్క నిమిషం, ఆధార్ ఇటు చూపు" అని మామూలు కెమెరాతో టకటకా తీసేసుకుంటాడు. ఎల్లారెడ్డిలో నెట్ దొరికాక గ్యాలరీలోంచి ఎక్కిస్తాడు. ఈ పనికి నేనతన్ని తప్పుపట్టను, ఆ చోట ఎవరున్నా అదే చేస్తారు. అయితే కెమెరా సెట్టింగుల్లో ఫోటోలు సేవ్ అయ్యే చోటు మెమరీ కార్డు అని పెట్టి ఉంటుంది. సర్వర్‌కు ఎక్కించాక కూడా ఆ ఫోటోలు కార్డులోనే ఉండిపోతాయి.

ఇక ఫోన్‌కు లాకుందన్న మాట. సిమ్ మార్చడానికి వాడే సన్న పిన్ను ఫోన్ పక్కనున్న చిన్న రంధ్రంలో నొక్కితే ట్రే బయటికొస్తుంది. ఫోన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా వస్తుంది. లాక్ నంబరు తెలియకపోయినా వస్తుంది. ఆ ట్రేలో చిటికెన వేలి గోరంత కార్డు. దాన్ని తీసి మామూలు కార్డ్ రీడర్‌లో పెట్టి ఏ కంప్యూటర్‌కు తగిలించినా, ఇంకో ఫోన్లో వేసినా, డీసీఐఎం అనే ఫోల్డరు తెరుచుకుంటుంది. ఒక్కో ఫోటో పేరులోనే తీసిన తేదీ, గంట, నిమిషం ఉంటాయి. తీసేటప్పుడు లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫోటో వివరాల్లో అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. మ్యాప్‌లో కొడితే గుర్తు ఆ ఇంటి వాకిట్లో పడుతుంది. లాకు నంబరును అడిగేవాళ్లే లేరు.

ఐటీ వాళ్లు "మా ఫోన్లన్నీ ఎన్‌క్రిప్టెడ్" అని చెప్పేటప్పుడు అబద్ధం చెప్పరు, సగం చెబుతారు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటి నుంచి, సత్తా ఉన్న కొత్త ఫోన్లలో లోపలి మెమరీని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం తప్పనిసరి అయింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో ఆ మినహాయింపూ పోయింది, ఎంత చౌక ఫోనైనా చెయ్యాల్సిందే. కానీ ఈ నియమమంతా లోపలి మెమరీకి. తీసి పెట్టుకునే కార్డు దీని కిందికి రాదు. కెమెరాలోంచి కంప్యూటర్‌కు, కంప్యూటర్‌లోంచి ఇంకో ఫోన్‌కు మార్చుకునే వీలుండాలని ఆ కార్డును ఎఫ్ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తారు. ఎవరు చదవొచ్చు, ఎవరు చదవకూడదు అన్న లెక్కే ఆ పద్ధతిలో లేదు. ఒకే ఫోన్లో పక్కపక్కన రెండు మెమరీలు, ఒకదానికి గట్టి కాపలా, రెండోదానికి ఏమీ లేదు. గ్రూపు ఆడవాళ్ల ఆధార్లు ఈ రెండోదాంట్లో ఉన్నాయి.

"నెలనెలా డిలీట్ చేయిస్తున్నాం కదా" అంటారు. డిలీట్ కొడితే జాబితాలోంచి ఫోటో పేరు పోతుంది, ఫోటో ఎక్కడికీ పోదు. అదే చోట ఇంకోటి రాసేదాకా అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని ఏరి బయటపెడతాయి. 2018లో బ్రిటన్‌లోని హెర్ట్‌ఫోర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, జనం వాడి అమ్మేసిన 100 మెమరీ కార్డులు కొని పరీక్షించారు. 36 కార్డుల్ని అమ్మినవాళ్లు తుడవనే లేదు. ఇంకో 29 కార్డుల్ని ఫార్మాట్ చేసి అమ్మారు, అయినా వాటిలోంచి డేటా తిరిగొచ్చింది. సరిగ్గా తుడిచినవి 25. తిరిగొచ్చిన వాటిలో పాస్‌పోర్టు కాపీలు, ఎవరికీ చూపించకూడని సొంత ఫోటోలు ఉన్నాయి. ముందే ఎన్‌క్రిప్ట్ చేసిన కార్డులోంచి కూడా ఈ ప్రోగ్రాములు ఏవో ఏరగలవు, కానీ ఆ వచ్చింది ఏ ఫోటోగానూ తెరుచుకోదు.

రెండో మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. "ఊరోళ్ల ఫోటోలు ఎవలికి గావాలె సార్?"

2024 ఆగస్టులో గోదావరిఖనిలో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు బిహార్‌కు చెందిన ముగ్గురిని పట్టుకున్నారు. వాళ్ల దగ్గర సంచుల నిండా పాత ఫోన్లు, సుమారు 4,000. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, ప్లాస్టిక్ సామాన్లిచ్చి, పదో పరకో చేతిలో పెట్టి కొన్నవి. అవి జామ్‌తారా, దేవ్‌ఘర్ వైపు సైబర్ మోసగాళ్లకు చేరాల్సిన ఫోన్లని పోలీసులు చెప్పారు. తెలంగాణ పల్లెలో మూలన పడేసిన పాడైన ఫోన్‌కు వెయ్యి కిలోమీటర్ల అవతల గిరాకీ ఉంది. అందులోంచి తీయడం మరిచిన కార్డు కూడా ఆ సంచిలోకే పోతుంది. ఎవలికి గావాలె అన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబేం కావాలి?

ఇంకా కావాలంటే ధర్మారం ఉంది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులమ్మే యువకుడొకడు దొరికాడు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీదున్న వేలిముద్రల్ని రబ్బరు అచ్చులుగా చేయించాడు. ఆ అచ్చులతో ఆధార్ ఈకేవైసీ కొట్టి వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ అందుకోవడానికి ఇదంతా. అతను ఏ సర్వర్‌నూ బద్దలు కొట్టలేదు. కాగితం మీద ఒక వేలిముద్ర, దాంతోపాటు ఆధార్ నంబరు దొరికాయి. అంతకు మించి అతనికి అవసరం పడలేదు. 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, మిషన్ మీద పెట్టింది ప్రాణమున్న వేలా, అచ్చా అని పసిగట్టే కొత్త పరీక్ష తెచ్చింది. మంచి పనే. అయినా పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. బీడీలు చుట్టీ చుట్టీ గీతలరిగిన వేలు రేషన్ షాపు మిషన్ మీద నాలుగుసార్లు ఒత్తితే గానీ పడదు. అదే వేలు దరఖాస్తు మీద సిరాతో పడుతుంది. దాని ఫోటో, ఆధార్ ఫోటో ఒకే ఫోల్డర్లో ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ధర్మారంలో వాడిన రెండు ముక్కలూ ఇవే.

జామ్‌తారా దాకా, ధర్మారం దాకా పోనక్కర్లేదు కూడా. ఆ కార్డు అదే ఊళ్లో, పక్కవీధిలో ఎవరికో దొరికిందనుకోండి. ఫలానా ఆమె భర్త మస్కట్‌లో ఉంటాడని దరఖాస్తులో ఉంది. ఇంటి ఫోటో ఉంది, ఫోన్ నంబరు ఉంది, వయసుంది. బిడ్డ కాలేజీ ఫీజు కోసం అత్తమామలకు చెప్పకుండా ఇంకో గ్రూపులో తీసుకున్న లోను కాగితం ఉంది. ఈ వివరాలకు ఏ సైబర్ ముఠా రూపాయి ఇవ్వకపోవచ్చు. ఆ వీధిలో మాత్రం ఒక ఇంటిని రచ్చకీడ్చడానికి ఇవి చాలు. రాత్రిపూట ఫోన్ చేసి సతాయించేవాడికి ఏం కావాలి? ఒక పేరు, ఒక నంబరు, ఇంట్లో మగమనిషి లేడన్న కబురు. డబ్బు పోతే 1930కి ఫోన్ చెయ్యమని అందరం చెబుతున్నాం. లోను సంగతి బయటపడి అత్తింట్లో మొదలైన గొడవకు ఆమె ఎవరి మీదని ఫిర్యాదు రాస్తుంది? ఎక్కడ బయటపడిందో ఆమెకు తెలిసే దారే లేదు.

ఎక్కడ బయటపడిందో తెలియకపోవడమే నన్ను చాలా కలవరపెట్టే విషయం. 2024 జనవరిలో, ఆరు గ్యారంటీల కోసం ప్రజాపాలనలో జనం ఇచ్చిన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా కనిపించాయి. బైకు మీద తీసుకెళ్తుంటే పెట్టె జారి పడిపోయాయి. దారిన పోయేవాళ్లు వీడియో తీశారు, రాష్ట్రమంతా గోల అయింది, అధికారుల మీద చర్య తీసుకున్నారు. కాగితాలు రోడ్డు మీద ఎగిరాయి కాబట్టి లోకానికి తెలిసింది. అవే వివరాలున్న కార్డు ఎల్లారెడ్డి బస్టాండులో జారిపడితే ఎవరి కంటా పడదు. సాయంత్రం దాకా ఫీల్డ్ ఆఫీసరుకే తెలియదు. తెలిసినా, పాత కార్డు పాడైందని కొత్తది కొనుక్కుంటాడు, మాట అక్కడితో సరి. కంపెనీ రిజిస్టర్లో ఫోన్‌కు నంబరుంది, కార్డుకు లేదు. లెక్కలో లేని వస్తువు పోయిందని ఎవరు చెబుతారు?

మూడో మాటకు బలముంది. ఎన్‌క్రిప్ట్ చేస్తే ఫోన్ పాడైన రోజు కార్డూ పోతుందన్నది నిజమే, దీన్ని తీసిపారేసేవాళ్లకు ఫీల్డ్ పని తెలియదు. ఆండ్రాయిడ్ 6తో వచ్చిన పద్ధతిలో కార్డును లోపలి మెమరీలో భాగంగా కలుపుకుంటే, దాన్ని 128 బిట్ల ఏఈఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి, దాని తాళంచెవిని ఫోన్ లోపలే పెడతారు. శాంసంగ్ ఫోన్లలో సెక్యూరిటీ సెట్టింగుల్లో కార్డును ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం విడిగా ఉంటుంది, అక్కడ కూడా కార్డు ఆ ఒక్క ఫోన్‌తోనే తెరుచుకుంటుంది. బోర్డు కాలిపోతే కార్డు తెరుచుకోదు. ఇంకా ఎక్కువగా జరిగేది వేరే. లాక్ నంబరు మరిచిపోతారు, మొబైల్ షాపుకు పట్టుకెళ్తారు, షాపతను ఫ్యాక్టరీ రీసెట్ కొడతాడు. ఫోన్ బాగవుతుంది, కార్డులోది మాత్రం ఎప్పటికీ రాదు. ఈ బాధ కొత్తదేం కాదు. 2007లో విండోస్ మొబైల్ 6 ఫోన్లలో కార్డు ఎన్‌క్రిప్షన్ వచ్చినప్పుడు కూడా, రీసెట్ కొడితే కార్డులో ఫైళ్లు తెరుచుకునేవి కావు. ఇరవై ఏళ్లుగా ఫీల్డ్ సిబ్బంది దీన్ని చూసి భయపడుతున్నారంటే కారణముంది.

కానీ ఆ భయం ఏం చెబుతోందో ఆగి చూడండి. ఒక్కటే ప్రతి ఉందని, అదీ గోరంత ప్లాస్టిక్ ముక్కలో ఉందని చెబుతోంది. ఎన్‌క్రిప్ట్ చెయ్యని కార్డు కూడా ఒకరోజు చెప్పకుండా చచ్చిపోతుంది. జారిపోతుంది, విరిగిపోతుంది, పిల్లాడి ఆటలో పోతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచిన వానలు ఎవరూ మరిచిపోలేదు. కొన్నిచోట్ల ఒక్కరోజులో 40 సెంటీమీటర్లు దాటి కురిసింది. పోచారం మీదుగా వచ్చిన వరదకు రోడ్లు తెగాయి. అలాంటి రోజు బురదలో కొట్టుకుపోయిన ఫోన్‌తో పాటు కార్డూ పోతుంది, అందులో ఉన్నది ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నా, చెయ్యకున్నా. ఇక్కడ లేనిది బ్యాకప్. బ్యాకప్ లేదని కార్డును అందరూ చదివేలా వదిలెయ్యడం ఏ లెక్క ప్రకారమూ సరికాదు.

ఇదే చోట ఇంకో వర్గానికీ జవాబు చెప్పాలి. "ఈ గొడవంతా ఎందుకు, కార్డు వాడకమే ఆపెయ్యండి" అంటారు వాళ్లు. వీలున్నచోట అదే మంచి దారి, నేనూ ఒప్పుకుంటాను. యాప్ తీసిన ఫోటో లోపలి మెమరీలోనే, యాప్ సొంత జాగాలోనే ఉండి, సర్వర్‌కు ఎక్కగానే చెరిగిపోతే కార్డుతో పనిలేదు. కంపెనీ ఫోన్లను ఆఫీసు నుంచే అదుపు చేసే ఎండీఎం సాఫ్ట్‌వేర్‌తో కార్డును ఫోన్ గుర్తించకుండా ఆపెయ్యనూ వచ్చు. కానీ సిగ్నల్ లేని ఊళ్లో, వరదొచ్చి టవరు రెండ్రోజులు పనిచెయ్యనప్పుడు, 32 జీబీ ఫోన్ పట్టుకుని తిరిగే మనిషికి "కార్డు వద్దు" అని ఆర్డరు పంపితే, అతను సొంత ఫోన్‌తో ఫోటోలు తీస్తాడు. అప్పుడు కంపెనీ చేతిలో ఆ అదుపూ ఉండదు. కార్డు ఉండాల్సిన చోట ఉండనివ్వాలి, ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. ఏ రోజు ఫోటోలు ఆ రోజు నెట్ అందగానే సర్వర్‌కు ఎక్కాలి. లాక్ నంబరు మరిచిపోతే ఆఫీసు నుంచే మార్చే ఏర్పాటు ఎండీఎంలో ఉంది, దాన్ని వాడితే షాపులో రీసెట్ కొట్టించే అవసరం రాదు.

ఇవన్నీ చేశాక కూడా ఒకరోజు బోర్డు కాలిపోయి కార్డు పోతుందే అనుకుందాం. పోయేదేంటి? ఒక రోజు పని. ఫీల్డ్ ఆఫీసరు మళ్లీ ఆ రెండూళ్లకు పోయి, మళ్లీ ఆధార్లు అడిగి, మళ్లీ ఫోటోలు తీసుకోవాలి. ఆడవాళ్లు విసుక్కుంటారు, మేనేజరు కసురుకుంటాడు. కష్టమే, కాదనను. ఎన్‌క్రిప్ట్ చెయ్యని కార్డు పోతే, ఆ కష్టానికి బదులు ఆ ఆడవాళ్ల వేలిముద్రలు, ఇళ్లు, అప్పులు, ఫోన్ నంబర్లు ఎవరి చేతిలో పడ్డాయో ఎన్నటికీ తెలియకుండా పోతుంది. మొదటి నష్టం కంపెనీది, రెండోది గ్రూపులో ఉన్న ఆడవాళ్లది. కార్డు ఎన్‌క్రిప్ట్ చెయ్యొద్దని నిర్ణయించేవాళ్లు తమ ఒకరోజు కష్టం తప్పించుకోవడానికి, అవతలివాళ్లను అడక్కుండా వాళ్ల జీవితాంతపు నష్టాన్ని పణంగా పెడుతున్నారు. నా అభ్యంతరమంతా ఇదే.

నెమ్మదిస్తుందన్న నాలుగో మాటకు కాలం చెల్లింది. ఒకప్పుడు నిజం. చౌక ఫోన్ల ప్రాసెసర్లలో ఏఈఎస్ లెక్కలు వేగంగా చేసే ఏర్పాటు ఉండేది కాదు, ఎన్‌క్రిప్ట్ చేస్తే ఫోన్ మొరాయించేది. సరిగ్గా ఆ ఫోన్ల కోసమే గూగుల్ 2019 ఫిబ్రవరిలో అడియాంటమ్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. కార్టెక్స్ ఏ7 లాంటి పాత ప్రాసెసర్ మీద అది ఏఈఎస్ కన్నా దాదాపు ఐదు రెట్లు వేగంగా నడుస్తుంది. పైగా ఫీల్డ్ ఆఫీసరు కార్డులో రాసేది ఆధార్ ఫోటోలు, సినిమాలు కావు. ఒక్కో ఫోటోకు రెప్పపాటు ఆలస్యమైతే ఆ మీటింగు ఆగిపోదు.

ఇంకొకరు ఇంకో కోణంలోంచి వస్తారు, వాళ్లది గట్టి ప్రశ్నే. "ఆ ఫోటోలు బ్రాంచి వాట్సాప్ గ్రూపులో రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఇక కార్డుకు తాళమేసి ఏం లాభం?" గ్రూపులో తిరగడం తప్పు, అదీ ఆగాలి. కానీ గ్రూపులో పడ్డ ఫోటోను ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరెవరు గ్రూపులో ఉన్నారు అన్నది బయటికొస్తుంది. తప్పు చేసినవాణ్ని పట్టుకుని అడగొచ్చు. కార్డు పోతే అడగడానికి మనిషే ఉండడు. రెండు కంతలుంటే రెండూ పూడ్చాలి, రెండోది ఉందని మొదటిదాన్ని వదిలెయ్యరు కదా.

చట్టం సంగతి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా దగ్గర పెట్టుకున్న సంస్థ చెయ్యాల్సిన కనీస జాగ్రత్తల్లో ఎన్‌క్రిప్షన్ పేరు ఆ నియమాల్లోనే ఉంది. జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా. డేటా బయటపడితే డేటా రక్షణ బోర్డుకూ చెప్పాలి, ఎవరి వివరాలు పోయాయో వాళ్లకూ చెప్పాలి, బోర్డుకు పూర్తి వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు, అంటే 2027 మే. ఈ గడువును చూపించి "ఇంకా టైముంది" అనేవాళ్లను అడగాల్సింది ఒక్కటే. కార్డుకు నంబరు లేదు, అందులో ఎవరి కాగితాలున్నాయో జాబితా లేదు. అది పోయిన రోజు 72 గంటల్లో ఏ ఊరికెళ్లి, ఏ గ్రూపులో ఎవరి తలుపు తట్టి చెబుతారు?

అప్పిచ్చే యాప్‌లు అప్పు తీసుకునేవాళ్ల ఫోన్లో ఫైళ్లు, ఫోటోలు, కాంటాక్టులు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే గట్టిగా చెప్పింది. యాప్‌ల వేధింపులతో ప్రాణాలు తీసుకున్నవాళ్లను మన రాష్ట్రంలో చూశాక వచ్చిన నియమం అది. ఆమె ఫోన్లోని ఫోటోలకు అంత రక్షణ అడిగినప్పుడు, ఆమె ఫోటోలున్న అతని ఫోన్ కార్డుకూ అడగాలి. ఆమెకు జరిగే కీడు రెండు చోట్లా ఒకటే.

చిన్న వస్తువు, చిన్న తప్పు అనుకోవడానికి వీల్లేదని బ్రిటన్‌లో ఒక సంఘటన చెబుతుంది. 2017 అక్టోబరులో లండన్ హీత్రూ విమానాశ్రయ ఉద్యోగి ఒకరు యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పోగొట్టుకున్నారు. అందులో వెయ్యికి పైగా ఫైళ్లు, ఎన్‌క్రిప్షన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. దొరికిన మనిషి దాన్ని లైబ్రరీ కంప్యూటర్లో పెట్టి చదివి పత్రికకు ఇచ్చాడు. మరుసటేడాది అక్కడి సమాచార కమిషనర్ విమానాశ్రయానికి 1,20,000 పౌండ్ల జరిమానా వేశారు. అక్కడ ఆ డ్రైవ్ పత్రిక చేతికి పోయింది కాబట్టి బయటపడింది. మన దగ్గర దొరికినవాళ్లు పత్రికకు ఇస్తారన్న హామీ లేదు.

ఏం చెయ్యాలో ఎవరికీ తెలియనిదేం కాదు. చాలా కంపెనీలకు ఎండీఎం లైసెన్సు ముందే ఉంటుంది, లొకేషన్ చూడటానికి, హాజరు వేసుకోవడానికి వాడుతూనే ఉంటారు. కార్డు ఎన్‌క్రిప్షన్‌కు సంబంధించిన ఆప్షన్ అందులో ఉంటే దాన్ని ఆన్ చెయ్యాలి. అది లేని ఫోన్లలో సెట్టింగుల్లోంచి బ్రాంచిలోనే కూర్చుని చెయ్యొచ్చు. కార్డులో ఇప్పుడున్నది ముందు సర్వర్‌కు ఎక్కించి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. లాక్ నంబరు 1234 పెట్టి దాన్ని ఫోన్ వెనక స్టిక్కరు మీద రాసుకుంటే ఇదంతా వృథా, అదీ చూసుకోవాలి. ఫోన్ ఇచ్చేటప్పుడు ఉద్యోగి చేత పోతే బాధ్యత నాదేనని సంతకం తీసుకుంటారు, ఫోన్ ఖరీదు జీతంలోంచి కోసుకుంటారు. ఆ కాగితంలో కార్డు ఊసే ఉండదు. కార్డు నంబరు, ఎన్‌క్రిప్ట్ చేసిన తేదీ అదే కాగితంలో రాయాలి, అది చేయించే బాధ్యత మేనేజరుదని కూడా రాయాలి. పదిహేను వేల జీతగాడి మీద మొత్తం బరువు మోపి పైవాళ్లు తప్పుకోవడానికి వీల్లేకుండా ఉండాలి.

గ్రూపు మీటింగులో కూర్చున్న ఆడవాళ్లకూ అడిగే హక్కుంది. "సారూ, మా ఆధార్లు ఫోన్లో ఉంటయా, చిప్పుల ఉంటయా? చిప్పుల ఉంటే ఇప్పుడే తీసి మా ముందు తుడిపెయ్యి" అని ఒక్కరు అడిగితే ఆ సెంటరులో పద్ధతి మారుతుంది. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వొచ్చు, మీసేవలో అడిగితే తీసిస్తారు.

ఇవాళ ఎన్‌క్రిప్ట్ చేస్తే ఇవాళ్టి నుంచే రక్షణ. ఇప్పటిదాకా పాడైందని, చాలట్లేదని మార్చిన కార్డులు బ్రాంచి సొరుగుల్లో, ఉద్యోగం మానేసినవాళ్ల ఇళ్లలో, పిల్లలకు పాటలు వేసిచ్చిన పాత ఫోన్లలో ఉన్నాయి. వాటి మీదున్న ఫోటోలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఒక్కో బ్రాంచి ముందు వాటి లెక్క తేల్చి, వెనక్కి తెప్పించి, ముక్కలు చేయించాలి. కొత్త కార్డుల పని ఆ తర్వాత మొదలుపెట్టినా పర్వాలేదు.